తాతగారి పేరు శౌరయ్య



జ్యోతినగర్ నుంచి ఒక యువ దంపతులు ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపారు. వారికి మగబిడ్డ పుట్టాడు. బిడ్డ ముత్తాత పేరు శౌరయ్య. ఆ పేరు నిలబెట్టమని ఇంట్లో పెద్దాయన పట్టుబట్టారు. బిడ్డ తల్లికి మనసు ఒప్పడం లేదు. పాతకాలపు పేరు, రేపు బడిలో తోటిపిల్లలు నవ్వుతారేమోనని ఆమె భయం. ఇంగ్లీషులో ఆ పేరును ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా రాస్తారన్నది భర్త సందేహం. వీటన్నిటికీ తోడు పక్క క్వార్టరులోని ఒక మేస్టారు, “శౌరి అంటే శ్రీకృష్ణుడు కదమ్మా, కతోలికులు మీకా పేరెక్కడిది?” అన్నారట. “ఫాదర్ గారూ, ఇది నిజంగా మన పేరేనా?” అని వారు అడుగుతున్నారు.

మన పేరేనమ్మా. డిసెంబరు 3న మన దేవాలయాలలో పండుగ చేసుకొనే పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పేరు అది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఫ్రాన్సిస్ జేవియర్ అని చదువుతామే, ఆయనే. తెలుగు కతోలికుల నోట ఆయన తరతరాలుగా శౌరివారు. శౌరయ్య, శౌరిరెడ్డి, పలుకుబడిలో శౌరెడ్డి, శౌరిబాబు, బాలశౌరి, ఇవన్నీ మన ఇళ్ళలో ఆ కొమ్మకు పూసిన పూలే. కడప, గుంటూరు జిల్లాల పాత కతోలిక గ్రామాలలోను, అక్కడినుంచి భూములు వెదుక్కుంటూ తెలంగాణకు వలస వచ్చిన కుటుంబాలలోను ఈ పేరు ఎక్కువ. ఆ వలసలు దాటితే అరుదు. పత్రికలు చదివేవారికి హిందీ ‘చందమామ’ సంపాదకులుగా పనిచేసిన డాక్టర్ బాలశౌరిరెడ్డి గారి వల్ల, మచిలీపట్నం లోక్‌సభ సభ్యులు వల్లభనేని బాలశౌరి గారి వల్ల ఈ మాట చెవిన పడి ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్నవారికి మాత్రం మన శౌరయ్య తన పేరు రెండుసార్లు చెప్పుకోవలసిందే.

ఇక జేవియర్ ఎక్కడ, శౌరి ఎక్కడ అంటారా? దారి పెద్ద దూరమేమీ కాదు. ఆ పేరులోని మొదటి అక్షరాన్ని పోర్చుగీసువారు ‘ష’ అని పలుకుతారు. వారి నోట అది ‘షవియేర్’. పదహారవ శతాబ్దంలో స్పెయిన్‌వారు కూడా ‘ష’ అనే పలికేవారు. ఇప్పుడు వారు ‘హవియేర్’ అనడం ఆ తరువాత వచ్చిన మార్పు. పోర్చుగీసు గురువుల నుంచి ఈ పేరు ముందుగా తమిళ తీరం చేరి ‘సవేరియార్’ అయింది. సవరిముత్తు, సవరిరాయన్ అని అక్కడ నేటికీ పేర్లున్నాయి. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు మీదుగా తెలుగు సీమలోకి వచ్చినప్పుడు తమిళ క్రైస్తవుల జపాలు, పేర్లు కూడా వారితో వచ్చాయి. తెలుగు నోటికి ‘అవ’ను ‘ఔ’ చేయడం సహజం. ‘అవును’ అనబోయి ‘ఔను’ అంటాం. ‘చవితి’ని ‘చౌతి’ అంటాం. అలాగే సవరి, శవరి, శౌరి.

ఇందులో ఒక చమత్కారం ఉంది. నాజూకు పేరని మనం అనుకొనే ‘జేవియర్’ ఇంగ్లీషువారి పలుకు. మొరటు పేరని సిగ్గుపడే ‘శౌరి’లోని మొదటి అక్షరమే ఆ పునీతుని కన్నతల్లి నోటి పలుకుకు దగ్గర. పెద్దలకు స్పానిషు రాకపోయినా వారి చెవి మోసపోలేదు.

మరి అర్థం? మన పూర్వులు కొన్ని పేర్లను అర్థం చూసి మార్చుకున్నారు. పౌలు అంటే లాటిను భాషలో చిన్నవాడు గనుక చిన్నప్ప. పేతురు అంటే రాయి గనుక రాయప్ప. యోహాను అన్న పేరులో దైవకృప ఉంది, తమిళంలో కృపను ‘అరుళ్’ అంటారు గనుక అరుళప్ప. 1971 నుంచి 2000 దాకా హైదరాబాదు అగ్రపీఠాధిపతులుగా ఉన్న అరుళప్ప గారి పేరు మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. శౌరిని మాత్రం అర్థంతో కాక శబ్దంతోనే తెచ్చుకున్నాం. అందుకే దాని అర్థం మనకు తెలియకుండా పోయింది.

అది బాస్కు భాష మాట. స్పెయిన్, ఫ్రాన్సుల సరిహద్దు కొండలలో మాట్లాడే ఆ భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. అందులో ‘ఎచె’ అంటే ఇల్లు, ‘బెర్రి’ అంటే కొత్త. ఎచెబెర్రి, కొత్త ఇల్లు. నవార్ రాజ్యంలో ఒక కోటకు ఆ పేరు. అదే నలిగి నలిగి షవియేర్ అయింది. అర్థం చూసి తెనిగించి ఉంటే మన శౌరయ్య ‘కొత్తింటి అయ్య’ అయ్యేవాడు!

ఆ కోటలో 1506 ఏప్రిల్ 7న ఫ్రాన్సిస్ పుట్టాడు. తండ్రి వంశం వారిది హాసో అనే పేరు. బాలుడికి ఊరిని బట్టి, ఇంటిని బట్టి షవియేర్ అన్నది నిలిచింది. అంటే అది అచ్చంగా ఇంటిపేరు, మన తెలుగులో ఆ మాటకు ఉన్న అసలు అర్థంలోనే. 1622 మార్చి 12న శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. ఆ తరువాత కతోలిక లోకమంతటా పిల్లలకు ‘ఫ్రాన్సిస్ జేవియర్’ అని రెండూ కలిపి పెట్టడం మొదలైంది. పోనుపోను రెండవ ముక్క విడివడి తానే ఒక పేరయింది. ఒక మనిషి ఇంటిపేరు లోకానికి సొంత పేరు కావడం ఎంత అరుదో ఆలోచించండి.

ఆ కొత్త ఇల్లు ఏమయింది? ఫ్రాన్సిస్‌కు తొమ్మిదేళ్ళప్పుడు, 1515లో, తండ్రి మరణించాడు. అంతకు మూడేళ్ళ ముందే స్పెయిన్ రాజు నవార్‌ను ఆక్రమించాడు. ఫ్రాన్సిస్ అన్నలు ఓడిన పక్షం వారు. 1516లో కోట బురుజులు కూల్చివేయమని ఆజ్ఞ వచ్చింది. పదేళ్ళ పిల్లవాడు తన ఇంటి గోడలను కూలీలు పడగొడుతుంటే చూశాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో చదువు కోసం పారిస్ వెళ్ళాడు, మళ్ళీ ఆ ఇంట కాపురం చేయలేదు. పారిస్‌లో ఇగ్నేషియస్ వారితో స్నేహం, 1534లో మొన్మార్త్ర్ కొండమీద మాటపట్టు, 1541లో లిస్బన్‌లో ఓడ ఎక్కడం, 1542 మే 6న గోవా చేరడం, ఈ కథ మీకు తెలిసినదే. మన తెలుగు నేలకు ఆయన అతి దగ్గరగా వచ్చింది 1545లో మైలాపూరుకు. అక్కడినుంచి మలక్కా, మొలుక్కా దీవులు, జపాను. చివరికి చైనా ముంగిట షాంగ్‌చువాన్ అనే దీవిలో, 1552 డిసెంబరు 3న, నలభై ఆరేళ్ళకు, ఒక గుడిసెలో ప్రాణం విడిచాడు. పక్కన ఉన్నది అంతోని అనే చైనా సహచరుడు. కొత్త ఇల్లు అని పేరున్నవానికి పదేళ్ళపాటు సొంతమని చెప్పుకొనే ఇల్లు లేదు.

జ్యోతినగర్‌లో ఉండేవారికి ఇది వేరుగా విడమరచి చెప్పనక్కరలేదు. 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ రామగుండం విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి యూనిట్ వెలిగింది. దానితోపాటే ఈ టౌన్‌షిప్పు పెరిగింది. పేరే జ్యోతినగర్. ఎక్కడెక్కడి వారో వచ్చి కొత్త ఇళ్ళలో చేరారు. కానీ క్వార్టరు ఇల్లే గాని మన ఇల్లు కాదు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు అందులోనే జరిగినా, రిటైరైన నాడు తాళంచెవి అప్పగించి పోవలసిందే. గోదావరిఖనిలోను, ఎయిటింక్లైన్ కాలనీలోను సింగరేణి కుటుంబాలదీ అదే కథ. ఓపెన్‌కాస్టు గనులకు ఊళ్ళే ఇచ్చేసిన వారి సంగతి ఇక చెప్పాలా? వారి ఇల్లు ఉన్నచోట ఇప్పుడు నేల కూడా లేదు. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన రెండవ లేఖ 5వ అధ్యాయంలో, మన ఈ దేహం విప్పేసే గుడారం వంటిదని, దేవుడు కట్టిన ఇల్లు వేరే ఉందని బోధించారు. ఈ ప్రాంతంలో ఆ మాట చదివితే అది ఉపమానంగా వినిపించదు. మన సంగతే రాసినట్టుంటుంది.

ఇటువంటి ఊళ్ళో దివ్యపూజకు వచ్చేవారిని చూడండి. కేరళ నుంచి వచ్చినాయన సేవ్యర్. తమిళనాడు నుంచి వచ్చినాయన సవరిముత్తు. గోవా, మంగుళూరు వారు జేవియర్ లేక షవియేర్. గుంటూరు వైపునుంచి వరంగల్ మీదుగా వచ్చినాయన శౌరయ్య. ఒకరి పేరు ఒకరికి కొత్త. అందరిదీ ఒకటే పేరని, నలుగురి పండుగా ఒకే రోజని ఎవరైనా చెబితే తప్ప వారికి తెలియదు. ఈ మాట ఈసారి పండుగ నాడు ప్రసంగంలో చెప్పమని మన విచారణ గురువులకు నా మనవి.

ఇక మేస్టారుగారి మాట. ఆయన అన్నదీ నిజమే. సంస్కృతంలో శూరుని వంశంవాడు శౌరి. వసుదేవుని తండ్రి పేరు శూరుడు గనుక వసుదేవుడూ శౌరే, కృష్ణుడూ శౌరే. విష్ణు సహస్రనామాలలో ఆ పేరుంది. పోతనగారి భాగవతంలో అడుగడుగునా ఉంది. రెండు పేర్లూ వేరు వేరు ఊటలలో పుట్టి తెలుగు నేలమీద ఒకే ధ్వనిలో కలిశాయి. ఇందులో దొంగతనమూ లేదు, వేషమూ లేదు. శవరి శౌరి కావడానికి ముందే ఆ మాట ఇక్కడ ఉంది గనుక మన వాళ్ళ నాలుక దానిమీదికి సులువుగా జారి ఉంటుంది. పరాయి దేశపు పునీతుడు ఇరుగుపొరుగు చెవులకు పరాయివాడుగా వినిపించలేదంటే అది మనకు మేలే చేసింది. మేస్టారుగారితో వాదం పెట్టుకోకండి. “మీ శౌరి శూరుని మనుమడండీ, మా శౌరి కొత్తింటివాడు” అని నవ్వుతూ చెప్పండి. ఆయన కూడా సంతోషిస్తారు. అన్నట్టు, రాసేటప్పుడు ‘శ’ రాయండి. ‘సౌరి’ అని రాస్తే సూర్యుని కొడుకు, అంటే శని అని అర్థం వస్తుంది. ఆ పొరపాటును మాత్రం మేస్టారుగారు క్షమించరు!

పేరుకు ఇంత చర్చ అవసరమా అని ఎవరైనా అనవచ్చు. బొగ్గు గనుల ప్రాంతంలో ఆ మాట ఎవరూ అనరు. మారుపేర్ల బాధ ఇక్కడ ఎన్నో ఇళ్ళకు తెలుసు. పూర్వం ఒకరి పేరున వచ్చిన పనిలో మరొకరు చేరారు. ఇంట్లో ఒక పేరు, మస్టరులో ఒక పేరు. ముప్పై ఏళ్ళు పొద్దున్నే గని దగ్గర ఎవరి పేరో పిలిస్తే “ఉన్నా” అని పలికినవారున్నారు. కొడుక్కు కారుణ్య నియామకం అడిగే రోజు వచ్చేసరికి, ఈ కాగితంలో ఉన్న తండ్రీ ఆ కాగితంలో ఉన్న కార్మికుడూ ఒకరే అని నిరూపించుకోవలసి వచ్చింది. ఆ సమస్యపై కార్మిక సంఘాలు, ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి మాట్లాడాయి. తన పేరుతో తనను పిలిపించుకోవడం ఎంత భాగ్యమో ఆ కార్మికులను అడగాలి. మంచి కాపరి తన గొర్రెలను పేరుపేరున పిలుస్తాడని ప్రభువు అన్నారు (యోహాను 10). హాజరు పట్టీలో ఏముందో చూసి కాదు ఆయన పిలిచేది. మారుపేరుతో బ్రతికి, మారుపేరుతోనే కన్నుమూసిన మన పెద్దలను కూడా ఆయన వారి అసలు పేరుతోనే పిలిచి ఉంటారని నేను విశ్వసిస్తాను.

శౌరివారికి ఈ సంగతి బాగా తెలుసు. దక్షిణ తీరపు జాలరుల మధ్య ఆయన పనిచేసినప్పుడు, జ్ఞానస్నానం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వారి కొత్త పేరును రాసి చేతికిచ్చేవారట. 1545 జనవరిలో కొచ్చి నుంచి రాసిన లేఖలో ఆయనే ఆ సంగతి చెప్పారు. ఒక్క నెలలో పదివేల మందికి పైగా జ్ఞానస్నానం ఇచ్చానన్నదీ ఆ లేఖలోనే. చదువు రాని బెస్తవానికి ఆ చీటీ ఎందుకు అనిపించవచ్చు. అయినా పదివేల మందిలో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క పేరు, అది రాసి ఉండాలి. గుంపుకు ఇచ్చిన జ్ఞానస్నానం కాదది, మనిషికి ఇచ్చింది. ఇంకొకటి. 1546లో అంబాయ్‌నా దీవి నుంచి రాస్తూ, సహోదరులు తనకు పంపిన ఉత్తరాలలోంచి వారి సంతకాలను కత్తిరించి, తన మాటపట్టు కాగితంతో కలిపి ఎప్పుడూ తన వెంటే ఉంచుకొంటున్నానని చెప్పారు. ఇల్లు లేదు, సామాను లేదు, వెంట ఉన్నవి స్నేహితుల పేర్లు.

ఈ పేరు ఇప్పుడు తగ్గిపోతున్నదన్నది నిజం. తాత శౌరయ్య, కొడుకు ఫ్రాన్సిస్, మనుమడు రెండక్షరాల ఏదో ముద్దు పేరు, ఇదీ వరస. ఆ ముద్దు పేరుకు అర్థమేమని అడిగితే తల్లిదండ్రులు సెల్‌ఫోన్ తీసి వెదుకుతారు. ఇది నాకు నచ్చలేదని దాచుకోకుండా చెబుతున్నాను. కొత్త పేర్లు తప్పని కాదు. 1917 నాటి శ్రీసభ చట్టం (761) బిడ్డకు క్రైస్తవ పేరు పెట్టేలా గురువులు చూడాలని, తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే వారి పేరుకు ఒక పునీతుని పేరు జతచేసి రెండూ పుస్తకంలో రాయాలని అన్నది. 1983 చట్టం (855) అంత బిగించలేదు. క్రైస్తవ భావనకు విరుద్ధమైన పేరు కాకుండా చూసుకొమ్మని మాత్రమే తల్లిదండ్రులకు, జ్ఞాన తల్లిదండ్రులకు, గురువుకు చెబుతుంది. కాబట్టి శ్రీసభ మిమ్మల్ని బలవంతపెట్టడం లేదు. ఇంగ్లీషు పేరే పెట్టాలని అసలే అనడం లేదు. బలవంతం లేనప్పుడు మనం దేనిని నిలుపుకొంటామో అదే మన ప్రేమ ఎంతో చెబుతుంది.

అమ్మా, నీ బిడ్డకు ఆధునికమైన పేరు పెట్టుకో. దాని పక్కన శౌరి అని చేర్చు. పిలవడానికి ఒకటి, మోయడానికి ఒకటి. బడిలో నవ్వితే చెప్పుకోవడానికి వాడికి ఒక కథ ఉండాలి. కూలిన కోట కథ, ఓడ కథ, దీవిలో గుడిసె కథ. ఏ సినిమా హీరో పేరు వెనుకా ఇంత కథ ఉండదు. ముత్తాత కథ కూడా చెప్పు. ఏ ఊరినుంచి బయలుదేరాడు, ఎన్ని ఇళ్ళు మారాడు, ఎవరెవరికి తన ఇంట చోటిచ్చాడు. ఇవి తెలిసిన పెద్దాయన ఇంకా మీ ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఉండగానే అడగండి.

ఇక అక్షరాల సంగతి. ఇంగ్లీషులో శౌరిని కొందరు ‘షో’తో, కొందరు ‘సౌ’తో, చివర కొందరు ‘వై’తో, కొందరు ‘ఐ’తో రాస్తున్నారు. పాత జ్ఞానస్నాన పుస్తకాల్లో లాటినులో ‘ఫ్రాన్సిస్కుస్ గ్జవేరియుస్’ అని ఉంటే, ఆ మనిషే ఊరి రికార్డులో శౌరయ్య. ఏది రాసినా ఫరవాలేదు, అన్నిచోట్లా ఒకటే రాయించండి. జ్ఞానస్నానానికి వచ్చేటప్పుడు మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం వెంట తెండి. అందులోని అక్షరాలనే మన పుస్తకంలో రాయమని గురువుగారిని అడగండి. బడిలో చేర్చేటప్పుడు, ఆధార్ తీయించేటప్పుడు అవే చూపండి. జనన ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే మరీ మంచిది. పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక తెల్ల కాగితం మీద ఆ పేరు ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో రాసుకొని, ఆ తరువాతే ఆఫీసుకు వెళ్ళండి.